ముందల అక్కకి

మొన్న మళ్ళీ తుఫాను హెచ్చరిక వచ్చింది. ఇప్పుడు తుఫానులకి ముద్దుగా పేర్లు పెడుతున్నారు కదా, టీవీలో ఆ పేరు పెట్టి పిలుస్తూ, అది ఎక్కడిదాకా వచ్చింది, ఎంత జోరు మీద ఉంది, ఏ వేళకి తీరం దాటుతుంది అని, విడిదికి వచ్చే పెళ్ళివారి కబురు చెప్పినట్టు చెబుతూనే ఉన్నారు. మా కోడలు ఫోన్లన్నీ ఛార్జింగుకి పెట్టి, కొవ్వొత్తులు బయటికి తీసి, ఇక తనకేమీ పనిలేనట్టు నింపాదిగా కూర్చుంది. నేను మాత్రం అలవాటు చొప్పున ట్రంకుపెట్టె తెరిచి మూట కట్టుకోవడం మొదలుపెట్టాను. విజయనగరం నడిబొడ్డున, మూడో అంతస్తులో ఉండి కూడా గాలివాన అనగానే మూట కట్టే నన్ను చూసి ఇంట్లో అందరూ నవ్వుకుంటారు. నవ్వుకోనీండి. నా ఈడు వాళ్ళెవరైనా దీన్ని చదువుతుంటే వాళ్ళు మాత్రం నవ్వరని నాకు తెలుసు.

ఆ మూటలో పెద్దగా ఏమీ ఉండదు. రెండు నేత చీరలు, మా అమ్మ వాడిన ఇత్తడి కుంకుమభరిణ, ఒక పసుపుగుడ్డలో చుట్టిన వేలిగోరంత బంగారు బిళ్ళ. కాలేజీకి సెలవిచ్చారని ఇంట్లోనే ఉన్న మనవరాలు ఆ గుడ్డ విప్పి, బిళ్ళని వెలుతురుకి పట్టి చూసి, ఇదేటి మామ్మా, దిద్దు విరిగిపోయిందా అని అడిగింది. కాదే, అది సవతి బిళ్ళ అన్నాను. ఆ మాట దానికి అర్థం కాలేదు. ఈ కాలం పిల్లలకి ఎలా అర్థమవుతుంది? మొదటి భార్య పోయినవాణ్ణి చేసుకున్న ఆడది, పోయినావిడ పేరు మీద ఒక బిళ్ళ చేయించి తన పుస్తెల పక్కనే గుచ్చి మెళ్ళో వేసుకోవాలని మావైపు ఆచారం. వేసుకోకపోతే ఆవిడ ఊరుకోదట, జ్వరమై వస్తుందట, కలల్లోకి వస్తుందట. ఆవిడకీ మెళ్ళో చోటిస్తేనే మనకి కాపురంలో చోటు.

ఆ చోటు కోసమే నేను బతుకంతా కుళ్ళుకున్నాను. ఇందులో దాచుకోవడానికేం లేదు. బతికున్న సవతి ఉంటే ఒకరోజు పోట్లాడతాం, ఒకరోజు జుట్లు పట్టుకుంటాం, ఒకరోజు ఇద్దరం కలిసి మొగుణ్ణి తిడతాం. చచ్చిపోయిన సవతితో ఏం చేస్తాం? ఆవిడ వంట చెడగొట్టదు, ఎదురుమాట అనదు, ముసలిదవదు. అటువంటిదానితో పోటీ పడవలసి రావడం పగవాళ్ళకి కూడా వద్దు.

అరవైల చివర వచ్చిన గాలివాన సంగతి ఇది. అప్పటికి నాకు పదహారో పదిహేడో. శ్రీకాకుళం దిగువన నాగావళి గట్టు మీది ఊరు మాది. వరి పొట్ట మీద ఉన్న రోజులు. హెచ్చరికా లేదు, చాటింపూ లేదు. ముందు రోజు ఆకాశం రాగిరంగుకి తిరిగితే, ముసురు పట్టేలా ఉందని మా అమ్మ పిడకలు లోపల పెట్టించింది, అంతే మా జాగ్రత్త. తెల్లారేసరికి తూర్పుగాలి అందుకుంది. మధ్యాహ్నానికి తాటిచెట్లు తలలు నేలకి ఆనించి లేవడం మొదలుపెట్టాయి, మా ఇంటి కప్పు కమ్మలు ఒక్కొక్కటీ కాదు, చాపలా చుట్టుకుని ఒక్కసారే లేచిపోయాయి. గోడలు నానుతున్నాయి, గట్టు తెగిందని ఎవరో అరుస్తున్నారు. మా నాన్న నన్నూ మా అమ్మనీ పెరట్లో ఉన్న గడ్డిమేటు మీదికి ఎక్కించాడు. అది పోయిన ఏటి గడ్డి, సగానికి పైగా పశువులు తినేసిన మేటు. మేం పైకి ఎక్కాక ఆయన కూడా ఒక కాలు పెట్టి, ఎద్దులు అరుస్తుంటే విని, పలుపులు విప్పీసొస్తానని దిగాడు.

నీళ్ళు వచ్చిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఎర్రటి నీళ్ళు. మేటు మేటంతా లేచి, మమ్మల్ని మోసుకుంటూ తిరుగుతూ పోయి, ఊరి చివర చింతచెట్టుకి తట్టుకుని ఆగింది. మా అమ్మ ఒక చేత్తో కొమ్మనీ ఒక చేత్తో నా జడనీ పట్టుకుంది. నీళ్ళు తీసేదాకా ఆ జడ వదల్లేదు. నీళ్ళు ఇంకా తీస్తుండగానే ఎద్దులు రెండూ వాటంతటవే ఈదుకుంటూ వచ్చి గట్టు మీద నిలబడ్డాయి, మెడల్లో పలుపుల్లేవు. మా నాన్న విప్పాడన్నమాట. ఆయన మాత్రం దిగువ ఊరి పొలాల్లో, బురదలో దొరికాడు. ఆయన్ని తెచ్చినవాళ్ళు ఆవేళ ఇంకా ఎందరినో మోయవలసి ఉండి, మా అమ్మ ఏడుపు పూర్తయ్యేదాకా కూడా నిలబడలేకపోయారు.

ఇది నా గాలివాన. మీకు చెప్పినంత వివరంగా నేను దీన్ని అత్తవారింట్లో ఏనాడూ చెప్పలేదు. చెప్పలేక కాదు, ఎవరూ అడగలేదు.

ఇల్లూ లేక, ఆయనా లేక, మా అమ్మ నన్ను తీసుకుని విజయనగరంలో మా మేనమామ పంచన చేరింది. మా మావయ్య బజారులో కొట్టు పెట్టుకున్నవాడు, నాలుగూళ్ళవాళ్ళూ ఆయన దగ్గరికి వస్తారు. ఏడాది తిరిగీ తిరగకుండానే ఆయనే సంబంధం చూశాడు. గజపతినగరం సంతకి నడిచి వచ్చే దూరంలో, కొండ కింద ఊరు. కుర్రవాడు బుద్ధిమంతుడు, పొలం ఉంది, భార్య గాలివానకి పోయింది, పిల్లల్లేరు. అదీ గాలివాన దెబ్బ తిన్న ఇల్లే, మనదీ గాలివాన దెబ్బ తిన్న ఇల్లే, ఒకరి కష్టం ఒకరికి తెలుస్తాదిలే అని మా అమ్మకి నచ్చజెప్పాడు. నేను కూడా అలాగే అనుకున్నాను. పెళ్ళిపీటల మీద మా ఆయన పక్కన కూర్చున్నప్పుడు, ఈయనకి నా సంగతి చెప్పాలి, ఈయన సంగతి వినాలి అనుకున్నానే తప్ప సిగ్గు కూడా పడలేదు.

పుస్తె కట్టిన వెంటనే మా అత్త ఆ బిళ్ళ తెచ్చి మెళ్ళో గుచ్చింది. పెట్టిన పట్టుచీర నన్ను కట్టుకోనివ్వకుండా పళ్ళెంలో పెట్టి ఊరి చివరికి నడిపించింది. అక్కడ కొండ దిగిన చోట, వేపచెట్టు కింద, పసుపు పూసిన ఒక రాయి. పేరంటాలమ్మ. మా వైపు పేరంటాలంటే పసుపుకుంకాలతో, అందరూ గుర్తుపెట్టుకునే చావు చచ్చి, దేవత అయిన ఆడది. ఆ రాయి మా ఆయన మొదటి భార్య. “ముందల అక్కకి సూపించు, ఆ తరవాత నువ్వు కట్టు,” అంది మా అత్త. చూపించాను. ఊరి ఆడవాళ్ళంతా ముందు రాయికి పసుపు రాసి, ఆ గిన్నెలో మిగిలిన పసుపు నా కాళ్ళకి రాశారు.

ఆ ఊళ్ళో కొండ విరిగింది అనరు. కొండ దిగింది అంటారు, అదేదో మెట్లు దిగి పనిమీద వచ్చినట్టు. గాలివాన నాడు రోజంతా వాన కొండనెత్తిన కురిసి కురిసి, సాయంకాలానికి మట్టీ బండలూ చెట్లూ కలిసి ఒక్కపెట్టున ఊరి తూర్పు వీధి మీదికి వచ్చేశాయట. అందరూ పడమటివైపు పరుగెత్తుతుంటే ఆవిడ వెనక్కి వెళ్ళిందట. సాలలో కట్టేసిన పెయ్యదూడ అరుస్తోంది, దాన్ని విప్పడానికి. పెయ్య బయటికొచ్చింది. ఆవిడ రాలేదు. తూర్పు వీధిలో ఇంకా చాలామంది పోయారు, వాళ్ళెవరికీ రాయి లేదు. ఈవిడకి ఉంది, ఎందుకంటే పెయ్య బతికి వచ్చి ఊరందరి ఎదుటా అరుస్తూ నిలబడింది, చూసినవాళ్ళు చెప్పుకున్నారు.

ఈ కథ విన్న మొదటిసారి నాకు ఏడుపొచ్చింది. రెండోసారి కూడా వచ్చింది. తరవాత తరవాత ఒళ్ళు మండడం మొదలుపెట్టింది. నీళ్ళకి వెళ్తే ఆ కథ, దంపుళ్ళకి కూర్చుంటే ఆ కథ. చుట్టం వస్తే, కొత్త కోడలు వస్తే, ఆఖరికి గాజులమ్మేవాడు అరుగు మీద మూట దించినా సరే ఆ కథే. అది చెప్పేటప్పుడు చెప్పేవాళ్ళు నా మెడవైపు, ఆ బిళ్ళవైపు చూస్తారు, నా ముఖంవైపు చూడరు. మా నాన్న విప్పిన ఎద్దులు రెండు. ఆవిడ విప్పినది ఒక్క పెయ్య. లెక్క వేసుకుని మరీ కుళ్ళుకునేదాన్ని. మా నాన్నకి ఎవరూ రాయి నిలపలేదు, పసుపు పూయలేదు, ఆయన పేరు చెప్పి ఎవరూ చీర పెట్టలేదు. పోయినవాళ్ళలో ఒకడు, అంతే. పశువు కోసం వెనక్కి తిరగడం ఆవిడ సొత్తు అయిపోయింది.

ఒకసారి ఉండబట్టలేక, కందులు విసురుతూ, మా ఊళ్ళో కూడా ఆవేళే అని మొదలుపెట్టాను. గడ్డిమేటు దాకా వచ్చానో లేదో మా అత్త తిరగలి ఆపకుండానే అందుకుంది. “మీ ఊర్లో నీళ్ళే కదేటే. నీళ్ళయితే తీస్తాయి. కొండ దిగితే తీస్తాదేటి?” అంది. చెడ్డ మనిషి కాదు మా అత్త. నాకు జ్వరమొస్తే తలదగ్గర కూర్చుని గంజి తాగించిన మనిషి. కానీ గాలివాన దగ్గర మాత్రం ఆవిడ కొండకి నా నది చాలేది కాదు. నేను తిరగట్లో మరో గుప్పెడు కందులు పోశాను. ఇక ఆ ఇంట్లో నా నీళ్ళ సంగతి ఎత్తకూడదని ఆవేళే పంతం పట్టాను.

ఆ పెయ్య సంగతి కూడా చెప్పాలి. నేను కాపురానికి వచ్చేసరికి అది ఎదిగి, మరి కొన్నాళ్ళకి ఈనింది. అందరూ దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకునేవారు. పాలు పితకడం నా పని. నేను కూర్చుంటే చేపేది కాదు. మా ఆయన వచ్చి గంగడోలు నిమిరితే అప్పుడు ధారకట్టేది. ఊళ్ళో వాళ్ళు, దానికి అక్కే కావాలి మరి, అని నవ్వేవారు. మనుషులే కాదు, ఆవు కూడా ఆవిడ పక్షమే. ఒకనాడు కోపం పట్టలేక దాని చెవి దగ్గర నోరు పెట్టి, నీ కోసం చచ్చిపోయిన మనిషిని కూడా నేనే మెళ్ళో మోస్తున్నానే అని తిట్టాను. చెవి ఒకసారి ఆడించింది. పాలు మాత్రం ఇవ్వలేదు.

మా ఆయన ఏనాడూ ఆవిడ గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడితే పోట్లాడి ఉందును. వాన పడితే చాలు, ఆయన నాకు కాకుండా పోయేవాడు. ఎంత పనిలో ఉన్నా వచ్చి గుమ్మంలో నిలబడి కొండవైపు చూసేవాడు. పిలిస్తే ఊఁ అనేవాడు, అన్నానని ఆయనకే తెలిసేది కాదు. ఆ వీపు చూస్తూ నేను ఎన్ని వానాకాలాలు వంట చేశానో. పిల్లలు పుట్టారు, వాళ్ళ మొదటి వెంట్రుకలు కూడా ముందు ఆ రాతి దగ్గరే. ఏ పండు కోసినా, ఏ పిండివంట చేసినా, “ముందల అక్కకి పెట్టొచ్చి, ఆ తరవాత మనం,” అనేది మా అత్త. పెట్టొచ్చేదాన్ని. పెట్టాక మిగిలినదే మాకు. అక్క! మొదట్లో నాకంటే నాలుగేళ్ళు పెద్దది కాబోలు. చూస్తూండగానే నేను ఆవిడ వయసు దాటాను, జుట్టు నెరిసింది, పళ్ళు కదిలాయి, ఆవిడ మాత్రం అక్కడే, ఆ ఈడులోనే, పసుపు పూసుకుని కూర్చుంది. నా కూతురి వయసు పిల్లని, తరవాత నా మనవరాలి వయసు పిల్లని పట్టుకుని అక్కా అక్కా అని పిలిచాను.

మా అత్త పోయింది. కథ తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మా ఆయనకి ఆఖరి రోజుల్లో మతి నిలకడ తప్పింది. వానాకాలంలో ఒకనాడు మధ్యాహ్నం, చూడవచ్చిన మా మావయ్య కొడుకుని అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని, నన్ను చూపించి, ఉన్నట్టుండి కథ ఎత్తుకున్నాడు. “ఆనాడు గాలివానకి ఇది పెయ్యని ఇప్పడానికి ఎనక్కి ఎల్నాది, తమ్ముడా. కొండ దిగిపోనాది. ఇంక అయిపోనాదనుకున్నాను. మల్ల ఇదీ పెయ్యా ఇద్దరూ వచ్చీసినారు,” అన్నాడు. అని నావైపు చూసి నవ్వాడు. అన్నేళ్ళలో వాన పడుతుండగా ఆయన నన్ను చూసి నవ్వడం అదే మొదలు.

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం నా ఒళ్ళు పులకరించింది. ఆ కొండ, ఆ పెయ్య, ఆ వెనక్కి తిరగడం, అన్నీ నావయ్యాయి. నేను ఏ చోటు కోసం బతుకంతా కుళ్ళుకున్నానో ఆ చోట్లో ఆయన నన్ను చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఆ తరవాత నా నోట్లోంచి దానంతటదే మాట వచ్చింది. అది నేను కాదు, అక్క, అన్నాను. ఆయన నావైపు అమాయకంగా చూసి, ఏ అక్క, అని అడిగాడు.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఏ అక్క అంటాడేమిటి! మరి నేను ఇన్నాళ్ళూ ఎవరిని చూసి ఏడ్చాను? ఆవిడ కోసం కాకపోతే గుమ్మంలో ఆ నిలబడడం ఎవరి కోసం? బిళ్ళ తీసి ఆయన కళ్ళెదుట పెట్టాను, పెయ్య సంగతి మళ్ళీ మొదటినుంచి చెప్పాను, రాయి గుర్తుచేశాను. అన్నీ విని, నువ్వు రాలేదా మరి, వచ్చీసినావు కదా, అన్నాడు. ఆ రోజు నేను లోపలికి వెళ్ళి ఆవిడ కోసం ఏడ్చాను. ఆయన పోయాక పుస్తెలు తీశారు. బిళ్ళ ఏం చెయ్యాలో చెప్పగల పెద్దావిడ ఎవరూ మిగల్లేదు. ఎవరికిస్తాను? పసుపుగుడ్డలో చుట్టి నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆ మధ్య కొడుకుతో కారులో మా అత్తవారి ఊరి దారిన వెళ్ళాను. రోడ్డు వెడల్పు చేశారు, వేపచెట్టు లేదు. రాతిని పక్కకి జరిపి పలకలు అతికించి చిన్న గుడి కట్టారు. దండం పెట్టుకుంటున్న ఒకావిడని ఏ అమ్మవారమ్మా అని అడిగితే, ఏమో తల్లీ, మంచి అమ్మవారే, అంది. పెయ్యా లేదు, కొండా లేదు, మా ఇల్లూ లేదు ఆవిడ మాటలో. ఇప్పుడు గాలివానలకి పేర్లున్నాయి, ముందుగా కబురు వస్తుంది, బస్సులు పెట్టి జనాన్ని తరలిస్తారు, మునుపటిలా ఊళ్ళకి ఊళ్ళు పోవడం లేదు, సంతోషమే. కానీ నాతో పోటీకి వచ్చే ఆ కొండ దిగిన కథ చెప్పేవాళ్ళు లేరు. పేరంటాళ్ళు పుట్టడం లేదు. కుళ్ళుకోవడానికి కూడా నాకు తోడెవరూ మిగల్లేదు.

అదంతా తలుచుకుంటూ నేను ఊరుకుంటే మనవరాలు ఊరుకోలేదు. బిళ్ళ అరచేతిలో పెట్టుకుని నా పక్కన చేరి, నువ్వు చూసిన తుఫాను గురించి చెప్పు మామ్మా, అంది. నువ్వు చూసిన, అంది. ఆ రెండు మాటలూ నన్ను ఎవరైనా అడుగుతారని కాపురానికి వచ్చిన నాటినుంచి కాచుకుని ఉన్నాను. మా అత్త అడగలేదు, మా ఆయన అడగలేదు. గొంతు సవరించుకున్నాను, మూట పక్కన పెట్టాను, మొదలుపెట్టాను. అందరూ పడమటివైపు పరుగెత్తుతున్నారే, అప్పుడు సాలలో పెయ్య అరిచింది, అన్నాను.

చెబుతూ చెబుతూ కొండ దిగేదాకా వచ్చాక గాని నేను చెబుతున్నది ఆవిడ గాలివాన అని నాకే తెలియలేదు. మనవరాలి కళ్ళనిండా నీళ్ళు. పాపం మామ్మా, నా ఈడేనా, అంటోంది. చూశారా, నన్నడిగిన ఒకే ఒక్క నాడు కూడా ముందు ఆవిడే వచ్చి కూర్చుంది. మా అత్త వింటే ఎంత మురిసిపోయేదో. కథ అయిపోయిందనుకుని పిల్ల కళ్ళు తుడుచుకుని, బిళ్ళ నా చేతిలో పెట్టి, ఫోను అందుకుని లేవబోయింది. బయట గాలి అందుకున్నట్టుంది, కిటికీ తలుపు ఒకసారి కొట్టుకుంది.

దాని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఎక్కడికే? అక్కకి పెట్టడం అయింది, ఇప్పుడింక నాది, అన్నాను. అది ఫోను పక్కన పెట్టి మళ్ళీ దగ్గరికి జరిగింది. మా నాన్న గడ్డిమేటు మీద ఒక కాలు పెట్టాడే, అని మొదలుపెట్టాను.